డార్సీ యభిమానులు - బెనెట్ కన్యల యాస్తి

గత వేసవిలో సిద్దిపేట జిల్లా మద్దూరులో మా బంధువుల యింట నొక వివాహ నిశ్చయమునకు పోయియుంటిని. వసారాలో పెద్దలు కూర్చుండి కట్నపు మాట ముగించుచుండిరి. లోపలి గదిలో పెండ్లికూతురును, ఆమె స్నేహితురాండ్రు నలుగురును ఒక సెల్‌ఫోను చుట్టు చేరి ఆంగ్ల చలనచిత్ర మొకటి చూచుచుండిరి. అది జేన్ ఆస్టెన్ నవలయగు 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' ననుసరించి 2005లో తీసినది. వానలో డార్సీ ఎలిజబెత్తునెదుట నిలిచి తన ప్రేమను తెలుపు ఘట్టము వచ్చినంతనే అందరును నిశ్శబ్దులైరి. ఆ చిత్రమును వారు చూచుట అది మొదటిసారి కాదు. సంభాషణములు వారికి కంఠస్థములు.

"ఇసువంటోడు మనకేడ దొరుకుతడు, చిన్నమ్మా?" అని పెండ్లికూతురు నన్నడిగినది.

"దొరకునో లేదో తరువాత చూతము. ఎలిజబెత్తు తండ్రి మరణించినచో ఆ యిల్లు ఆ యైదుగురు కుమార్తెలకు రాదట. ఎందుచేత?" అని నేనడిగితిని. ఒకరి ముఖము నొకరు చూచుకొనిరి. "ఆ ముచ్చట మేము సరిగ్గ వినలే" యని ఒక చిన్నది నవ్వినది. చిత్రములో ఆ మాట లేకపోలేదు; ఉన్నది. వసారాలోని మాటలును ఆ గదిలోనికి వినబడుచునే యుండెను. వాటిని గూడ వారు వినుటలేదు.

ఈ వ్యాసమునకు ఆ వినకపోవుటయే కారణము. ఆ బాలికలను నిందించుట నా యుద్దేశము కాదు. ఒక గ్రంథమును ప్రేమించి మరల మరల దాని యొద్దకు పోవుట సాహిత్యమునకు మేలే గాని కీడు కాదు. అయితే ఈ నవల విషయమున అభిమానము దేనిని పట్టుకొన్నది, దేనిని జారవిడిచినది యని విచారింపవలసియున్నది.

ఈ యభిమానము నేటిది కాదు. నవల 1813 జనవరిలో ముద్రితమయ్యెను. 1894లో సెయింట్స్‌బరీ యను విమర్శకుడు ఈమె భక్తులకొక పేరు పెట్టెను. నేడు వారిని 'జేనైటు'లందురు. 1924లో కిప్లింగు మొదటి ప్రపంచ యుద్ధమునాటి సిపాయిలు ఈమె నవలలను రహస్యసంఘపు మంత్రమువలె చెప్పుకొను కథ యొకటి వ్రాసెను. 1940లో ఇంగ్లండున ఆమె పేర సంఘ మేర్పడినది. ఆమె చివరి సంవత్సరములు గడపిన చాటన్ గ్రామ గృహము 1949 నుండి ప్రదర్శనశాలయైనది. 2025లో ఆమె 250వ జయంతి అనేక దేశములలో జరిగినది.

ఇంతటి ప్రేమయు ఒక్కొక్కప్పుడు గ్రంథమును విడిచి పోవును. 2017లో ఇంగ్లండు బ్యాంకు వారు పది పౌండ్ల నోటుపై ఈమె చిత్రమును ముద్రించి, క్రింద పఠనానందమును గూర్చిన వాక్య మొకటి చేర్చిరి. నవలలో ఆ మాట యెవరిదో చూడుడు. డార్సీ దృష్టి నాకర్షింపగోరి, అతడు చదువు గ్రంథము రెండవ భాగమును చేతబట్టి, ఆవులించి, పుస్తకమును ప్రక్కకు విసరివేయు కారొలైన్ బింగ్లీది! పుస్తకము చదువని దాని మాట పుస్తక ప్రశంసగా నోటుకెక్కినది. అట్లే 1995 నాటి బీబీసీ ధారావాహికలో డార్సీ చెఱువులో దిగి తడిసిన చొక్కాతో వచ్చు దృశ్యము లోకప్రసిద్ధము. నవలలో అతడు చెఱువున దిగనే లేదు. అయినను 2013లో లండనులోని సర్పెంటైన్ సరస్సున ఆ భంగిమలో నతని నిలువెత్తుకు రెండింతల విగ్రహమును నిలిపిరి.

ఇక నవలలో నున్నదేమి? చదువరులు మొదటి ప్రకరణమునుండియే లెక్కలు చూడగలరు. బింగ్లీకి సంవత్సరాదాయము నాలుగైదు వేల పౌండ్లు. డార్సీకి పది వేలు. బెనెట్ గారికి రెండు వేలు. కాని ఆ యాస్తి పురుషసంతతికే చెందునట్లు కట్టుబడినది. ఆయన కన్ను మూసినంతనే ఇల్లును భూమియు కాలిన్స్ అను దూరపు దాయాదికి పోవును. ఎలిజబెత్తు భాగమునకు వచ్చునది వేయి పౌండ్లు మాత్రమే, అదియు తల్లి మరణానంతరము. ఈ కాలిన్స్ ఆమెను వివాహమాడెదనని వచ్చి, ఆమె కాదన్నప్పుడు, అంత స్వల్పమైన సొత్తు గల కన్యకు మరియొక వరుడు రాకపోవచ్చునని ముఖముమీదనే లెక్క చెప్పును. అతడు మూర్ఖుడే. కాని యా లెక్క తప్పు కాదు.

ఇక్కడనే నా వాదమంతయు నున్నది. ఎలిజబెత్తు వేయి పౌండ్ల కన్యయై యుండి మొదట తన యింటికి వారసుడగు కాలిన్సును నిరాకరించినది. పిదప పది వేల పౌండ్ల డార్సీని, అతడు తన కుటుంబమును తక్కువచేసి మాటలాడినందునను, తన యక్కకును మరియొకరికిని అపకారము చేసినాడని నమ్మినందునను, నిరాకరించినది. ఈ రెండు నిరాకరణములకును వెల యెంతయో తెలిసినవారికే ఆమె ధైర్యము తెలియును. ఆ లెక్క తీసివేసినచో ఆమె ధైర్యము అలుకగా మారును. డార్సీ గర్వభంగము కేవలము ప్రణయకలహ మగును. అభిమానులు ధనపు మాట నీరసమని దాటి ప్రణయము నొద్దకు పరుగిడుదురు. దాటినది ప్రణయపు పునాదినే యని గుర్తింపరు.

ఆమె స్నేహితురాలగు షార్లెట్ లూకస్‌ను అభిమానులలో అనేకులు తలపనైన తలపరు. ఆమెకు ఇరువది యేడేండ్లు. సొత్తు లేదు. ఎలిజబెత్తు వలదన్న కాలిన్సును ఆమె రెండు మూడు దినములలో తన వానిగా చేసికొనును. ప్రేమ యున్నదని తన్ను తాను మోసగించుకొనదు; నిలువ నీడకొరకే యని యెరిగియే చేయును. గ్రంథకర్త్రి ఆమెను వెక్కిరింపలేదు, మెచ్చుకొననులేదు. ఆమె భర్త కూర్చుండు గది యొక ప్రక్క, తాను కూర్చుండు గది యొక ప్రక్క నుండునట్లు ఆ యిల్లు సర్దుకొన్న విధమును మాత్రము చూపినది. ఈ నవలలో నాకు అన్నింటికంటె కఠినమైన పుట యదియే.

మరియొక లెక్క. ఎలిజబెత్తు చెల్లెలు లిడియాను లేవదీసికొని పోయిన విక్‌హామ్ ఆమెను వివాహమాడుటకు ఒప్పుకొనిన వెల యేమి? వేయి పౌండ్లకు మించిన అతని అప్పులు తీర్చుట, ఆమె పేర మరియొక వేయి నిలుపుట, సైన్యములో ఉద్యోగము కొనిపెట్టుట. ఆ సొమ్మంతయు డార్సీ యిచ్చును. ఈ గ్రంథపు హక్కులకై ప్రకాశకుడు జేన్ ఆస్టెన్‌కు ఇచ్చినది 110 పౌండ్లు. కథలోని దుష్టునికి ముట్టిన దానిలో ఇరువదవ వంతైనను కథ వ్రాసిన దానికి ముట్టలేదు. ముఖపత్రముపై ఆమె పేరును లేదు.

ఇక అనుకరణ చిత్రములను ఈ గీటురాతిపై చూతము. 1940 నాటి హాలీవుడ్ చిత్రమున డార్సీ మేనత్త లేడీ కేథరిన్ నవలలోని యహంకారిణి కాదు. ఎలిజబెత్తు మనస్సు పరీక్షించి వివాహమునకు సాయపడు పెద్దముత్తైదువ. పై తరగతి వారు క్రింది తరగతి కన్యను అవమానించుట యను ముల్లును తీసివేసిరి. కథ మెత్తనైనది, రుచి తగ్గినది. 1995 నాటి ధారావాహిక ఆరు భాగములు గలదగుటచే లెక్కలన్నియు చాలవరకు నిలుపుకొన్నది. జనులు మాత్రము చెఱువును జ్ఞాపకముంచుకొనిరి. 2004లో గురీందర్ చద్దా తీసిన 'బ్రైడ్ అండ్ ప్రెజుడిస్' కథను అమృతసరమునకు తెచ్చినది. అందు దాయాదికి పోవు ఆస్తి లేదు. దాని స్థానమున విదేశపు వరుని వెదకు తల్లి యున్నది. అమెరికా సంబంధమని చెవి నిక్కించు తెలుగు తలిదండ్రులకు ఆ తల్లి పరిచితురాలే.

మనకు అన్నింటికంటె దగ్గరిది ఈమె మరియొక నవలకు రూపాంతరము. 1811 నాటి 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' ననుసరించి రాజీవ్ మేనన్ 2000లో తమిళమున తీసిన చిత్రము తెలుగున 'ప్రియురాలు పిలిచింది' యను పేర వచ్చినది. అక్కగా మన హైదరాబాదున పుట్టిన టబూ, చెల్లెలుగా ఐశ్వర్యారాయ్ నటించిరి. అందు తాత మరణించిన పిదప ఆస్తి మేనమామ పాలగును. తల్లియు కూతుళ్ళును పుట్టి పెరిగిన యిల్లు విడిచి మద్రాసు చేరుదురు. ఆస్టెన్ కన్యలకు లేని దారి యొకటి ఇక్కడ అక్కకు దొరకును: ఆమె ఉద్యోగము సంపాదించి కుటుంబమును నిలుపును. మూలమునకు నమ్మకముగా నుండి, మూలము చేయలేనిదానిని చేసిన రూపాంతర మిది. అయినను నేడు ఎవరినడిగినను రహమాన్ పాటలు చెప్పుదురు గాని, ఆ తల్లీ కూతుళ్ళు వాకిలి దాటిన ఘట్టమును చెప్పువారు అరుదు.

తెలుగు నవలకును ఇదే గతి పట్టినది. 1960ల దశకమున యద్దనపూడి సులోచనారాణి వ్రాసిన 'సెక్రటరీ' మన పాఠకురాండ్రకు డార్సీ వంటి రాజశేఖరము నిచ్చినది. 1976లో అది చలనచిత్రమై, అక్కినేని నాగేశ్వరరావు రాజశేఖరమైనాడు. అతని హోదాను, కారును, ఠీవిని మూడు తరములవారు చెప్పుకొనిరి. కథానాయిక జయంతి జీతమునకు పనిచేసి యాత్మగౌరవముతో బ్రదుకదలచిన యువతి యను సంగతి ఆ కారు ధూళిలో మరుగుపడినది. గ్రంథము పేరే ఆమె యుద్యోగము. అభిమానము మాత్రము యజమానునిది!

మద్దూరునకు సమీపమున చేర్యాల కలదు. అచ్చటి నకాషీవారు వ్రాయు ఎఱ్ఱని నేలగల పటములు చదువరులెరుగనివి కావు. పూర్వము ఆ పటము కథకునిది. అతడు పటమును వ్రేలాడదీసి, ఒక్కొక్క గడిని చూపుచు కులపురాణమును గానము చేయును. బొమ్మ కథకు సాక్షి. నేడు ఆ పటములలో ననేకములు పట్టణ గృహముల గోడలకు అలంకారములైనవి; కొనినవారిలో పలువురకు ఆ కథ తెలియదు. చిత్రకారుల జీవనమునకు అది మేలే, నేను కాదనను. కాని కథకుడు లేని పటము వంటిదే లెక్క లేని డార్సీ. రంగు నిలిచినది, చెప్పవలసిన మాట పోయినది.

పరదేశపు గ్రంథమును మన మెట్లు గ్రహింపవలెనో వీరేశలింగము పంతులుగారు తొలుతనే చూపిరి. గోల్డ్‌స్మిత్ వ్రాసిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్'ను తెనిగింప మొదలిడి, అది మానుకొని, దాని ఛాయను మాత్రము గైకొని 1878లో 'వివేకవర్ధని'లో 'రాజశేఖర చరిత్రము'ను ప్రకటింప నారంభించిరి. ఆంగ్ల పురోహితుని వేషము తెచ్చి మనకు తొడుగలేదు. మన యింటి మూఢాచారములను, వంచకులను, దుర్వ్యయమును అందు చూపిరి. అభిమాన మనగా అది. పొరుగువాని దీపమును చూచి మురియుట గాదు. దానితో మన దీపమును వెలిగించుకొనుట.

ఆస్టెన్ దీపముతో మనము చూడవలసిన మూల యేది? ఇంగ్లండున బెనెట్ కన్యలకు చట్టమే అడ్డు. మనకు చట్టము తోడుగా నున్నది. 1961 నుండి కట్నము నిషిద్ధము. అవివాహితలగు కుమార్తెలకు కుమారులతో సమానముగా పిత్రార్జితమున హక్కు నిచ్చు శాసనము మన రాష్ట్రమున 1985 సెప్టెంబరు 5 నుండి అమలునకు వచ్చినది. నాటికే వివాహితలైనవారికి మాత్ర మది వర్తింపలేదు. 2005లో కేంద్ర చట్టము ఆ భేదమును తీసివేసినది. ఈ హక్కు జన్మతః వచ్చునని 2020లో సుప్రీముకోర్టు స్థిరపరచినది. ఇంత యుండియు, పెండ్లిలో ఇచ్చినది చాలునని, పుట్టింటి రాకపోకలు చెడునని, భాగము వదలుకొన్నట్లు సంతకము పెట్టు ఆడుబిడ్డ లెందరో మనకు తెలియును. వారికి చట్టము తీసిన కట్టును వాడుక మరల వేయుచున్నది.

అందుచేత అభిమానులకు నా మనవి యిది. డార్సీని ప్రేమింపుడు, ఆ చిత్రమును పదిసార్లు చూడుడు. కాని పదునొకండవసారి నవలను తెరచి, అందలి యంకెలను ఒక కాగితముపై వ్రాసికొనుడు. రూపాంతరములు చేయువారికిని ఇదియే మనవి: వానయు సరస్సును మీ యిష్టము, బెనెట్ గారి యిల్లు ఎవరికి పోవునో మాత్రము ప్రేక్షకుని చెవిన పడునట్లు చెప్పుడు.

ఆ నిశ్చయమునాడు ఇంటికి పోవునప్పుడు నేను ఆ చిన్నదానికి నవలను పంపెదనని చెప్పి, వారము లోపల పంపితిని. ఆమె డిగ్రీ చదువుచున్నది. నిఘంటువు ప్రక్కనుంచుకొని చదివినదట. నెల దాటిన పిదప ఒక రాత్రి నాకు ఫోను చేసినది. డార్సీ సంగతి యెత్తలేదు.

"ఎలిజబెత్తుకు వెయ్యి పౌండ్లు. మరి మా బాపు భూమిల నాకెంత, చిన్నమ్మా?" అని అడిగినది.

అది పిత్రార్జితమగుటచే నీ తమ్మునికెంతయో నీకును అంత యని చెప్పితిని. ఆమె కొంతసేపు మాటలాడలేదు. ఈసారి ఆమె వినుచున్నదని నాకు తెలిసినది.