నొప్పుల వేళ ఊపిరి పాఠం

తొలి కానుపుకి పుట్టింటికి రావడం దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, జయపురం తెలుగు ఇళ్ళలో ఇంకా చెదరని ఆనవాయితీ. విశాఖలోనో హైదరాబాదులోనో కాపురం ఉంటున్న అమ్మాయి ఏడో నెల దాటగానే రైలెక్కుతుంది. ఈ మధ్య ఆమె ఫోన్లో ఒక కోర్సు కూడా వెంట వస్తోంది. దాని పేరు హిప్నోబర్తింగ్. కొన్ని వీడియో పాఠాలు, రాత్రి పడుకునే ముందు కళ్ళు మూసుకుని వినే ఆడియోలు, భర్త నేర్చుకోవలసిన సంగతులు కొన్ని అందులో ఉంటాయి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పడుకున్న కూతుర్ని చూసి తల్లి అడుగుతుంది: "ఇది వింటే నొప్పులు రావేటే?"

నొప్పులు వస్తాయి. వాటి భయం మాత్రం కొంత తగ్గవచ్చు. తొలిచూలు ఆడపిల్లకి అదే పెద్ద ఊరట. అందుకే ఈ పద్ధతిని కొట్టిపారేయకుండా, నెత్తికీ ఎత్తుకోకుండా, లోపల ఏముందో చూడాలని నాకు అనిపిస్తుంది.

హిప్నోసిస్ అనగానే గడియారం ఊపి మనిషిని నిద్రపుచ్చే సినిమా దృశ్యం గుర్తొస్తుంది. ఇక్కడ ఎవరూ ఎవర్నీ వశం చేసుకోరు. గర్భిణి తన ధ్యాసను తానే ఒకచోట నిలుపుకోవడం, ఒంటిని తానే వదులు చేసుకోవడం నేర్చుకుంటుంది. అసలు పని నొప్పి మొదలైన క్షణంలో ఉంటుంది. కడుపు గట్టిపడుతూ నడుం నుంచి ముందుకి బిగువు పాకుతుంది. అలవాటు లేని మనిషి ఆ క్షణాన ఊపిరి బిగబడుతుంది, పళ్ళు కరుచుకుంటుంది, భుజాలు పైకెత్తేస్తుంది. శిక్షణంతా దీన్ని మార్చడానికే. దవడ వదులు చెయ్యాలి. భుజాలు దించాలి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఎనిమిది అంకెలసేపు మెల్లగా వదలాలి. ఒక్కో నొప్పి సుమారు నిమిషం పాటు ఉంటుంది. అంటే అలాంటి ఊపిరులు అయిదు. అయిదో ఊపిరికి బిగువు సడలుతుంది. తర్వాతి నొప్పి వచ్చేదాకా దొరికే రెండు మూడు నిమిషాల్లో ఒళ్ళు పూర్తిగా వదిలేసి విశ్రాంతి తీసుకోవాలి. చాలామంది ఆ ఖాళీ సమయాన్ని కూడా రాబోయే నొప్పి తలచుకుని బిగుసుకుపోయి పోగొట్టుకుంటారు. మధ్యలో దొరికే ఆ విరామాన్ని వాడుకోవడం నేర్పడమే ఈ కోర్సుల్లో నాకు అన్నింటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది.

దీని వెనక ఒంటి లెక్క ఒకటుంది. గర్భసంచి ముడుచుకోవడానికి ఆక్సిటోసిన్ కావాలి. భయపడితే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. అది నొప్పుల జోరును మందగించేలా చేయగలదు, కండరాలను బిగిస్తుంది. బిగిసిన ఒంటికి నొప్పి ఎక్కువ తెలుస్తుంది. నొప్పి ఎక్కువైతే భయం ఇంకా ఎక్కువవుతుంది. ఈ చుట్టును తెంపడానికే గదిలో వెలుతురు తగ్గించమనడం, ఆడియోలో విన్న గొంతునే విననివ్వమనడం, ముంజేతిని వేళ్ళ కొసలతో మెల్లగా రాయమనడం. రోజూ సాధన చేసేటప్పుడు భుజం మీద పడిన చెయ్యి, పురుటి గదిలో మళ్ళీ అదే భుజం మీద పడగానే ఒళ్ళు దానంతటదే సడలుతుంది. అందుకే ఏడో నెలలో మొదలుపెట్టి రోజూ చేయాలంటారు. నెలలు నిండాక ఒక్క రాత్రిలో వీడియోలన్నీ చూసేస్తే ఒంటికి ఏ అలవాటూ పట్టదు.

ఈ ఆలోచన ఇంగ్లండు వైద్యుడు గ్రాంట్లీ డిక్-రీడ్‌ది. 1933లో ఒక పుస్తకం, 1942లో మరో పుస్తకం రాసి, భయం, బిగువు, నొప్పి ఒకదాన్నొకటి పెంచుకుంటాయని చెప్పాడు. పురుటి గదిలో ఆడవాళ్ళను ఒంటరిగా వదిలేసి మత్తు ఇచ్చే రోజుల్లో ఆయన గర్భిణి పక్కన కూర్చోమన్నాడు, ఏం జరగబోతోందో ముందే చెప్పమన్నాడు. 1989లో అమెరికాలో మేరీ మాంగన్ ఆ ఆలోచనకు స్వీయ హిప్నోసిస్ జోడించి హిప్నోబర్తింగ్ అన్న పేరుతో పాఠాలు మొదలుపెట్టింది. ఇవాళ ఆన్‌లైన్లో అమ్ముతున్న కోర్సుల్లో చాలావాటికి మూలం ఇదే.

డిక్-రీడ్ చెప్పిన మరో మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. నాగరికత అంటని ఆదిమజాతుల ఆడవాళ్ళు నొప్పి తెలియకుండా సులువుగా కంటారని ఆయన నమ్మాడు. కొన్ని కోర్సుల్లో ఈ నమ్మకం ఇప్పటికీ తొంగిచూస్తుంది. మన వైపూ వినబడుతుంది: "కొండ మీది వాళ్ళకి నొప్పులేటి, పొలంలో కని ఇంటికి నడిచొచ్చేస్తారు" అని. కొరాపుట్, రాయగడ కొండల్లో ఉన్నవాళ్ళు ఎవరూ ఈ మాట అనకూడదు. 2018–20 లెక్కల ప్రకారం ఒడిశాలో ప్రతి లక్ష సజీవ జననాలకు 119 మంది తల్లులు చనిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45, తెలంగాణలో 43. డెన్మార్క్ నుంచి వచ్చిన వైద్యురాలు ఎలిజబెత్ మాడ్సెన్ 1954లో రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో క్రిస్టియన్ ఆస్పత్రి మొదలుపెట్టింది. అంత దూరం నుంచి ఒక వైద్యురాలు ఈ కొండల్లోకి రావలసి వచ్చిందంటేనే ఇక్కడి అవసరం ఏపాటిదో తెలుస్తుంది. కొండ ఆడవాళ్ళ నొప్పి నొప్పే. దాన్ని చెప్పుకోవడానికి వాళ్ళకు దొరికిన వేదికలే తక్కువ.

ఇక పద్ధతి ఫలితాల సంగతి. పరిశోధకులు దీన్ని పెద్ద సంఖ్యలో గర్భిణులతోనే పరీక్షించారు. ప్రసవంలో హిప్నోసిస్ మీద జరిగిన తొమ్మిది అధ్యయనాలను, సుమారు మూడు వేల మంది ఆడవాళ్ళ వివరాలను వైద్య అధ్యయనాలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష 2016లో కలిపి చూసింది. నొప్పి మందుల వాడకం మొత్తం మీద కొంత తగ్గవచ్చని తేలింది గానీ, ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే మందు) వాడకం తగ్గినట్టు తేలలేదు. మామూలు కానుపులు పెరిగినట్టూ కనబడలేదు. ఆన్‌లైన్ కోర్సుకి దగ్గరగా ఉన్నది బ్రిటన్లో 680 మంది తొలిచూలు గర్భిణులతో జరిగి 2015లో వెలువడిన అధ్యయనం. వాళ్ళలో సుమారు సగం మందికి రెండే తరగతులు చెప్పి, ఇంట్లో రోజూ వినమని సీడీ ఇచ్చారు. ఎపిడ్యూరల్ తీసుకున్నవాళ్ళ సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ కానుపు అయిన రెండు వారాలకు అడిగితే, తాము అనుకున్న దానికన్నా భయం, ఆందోళన తక్కువే అనిపించాయని ఆ సీడీ విన్నవాళ్ళు ఎక్కువగా చెప్పారు. డెన్మార్క్‌లో పన్నెండు వందల పైచిలుకు మందితో చేసిన పరీక్షలోనూ నొప్పి తగ్గలేదు, కానుపు జ్ఞాపకం మాత్రం కొంత మెరుగ్గా మిగిలింది.

కనుక "నొప్పి లేని కానుపు", "సిజేరియన్ లేకుండా గ్యారంటీ" అని రాసిన ప్రకటన కనబడితే ఆ కోర్సుకి డబ్బు కట్టొద్దని గట్టిగా చెబుతాను. డబ్బు ఒక్కటే కాదు ఇక్కడ నష్టం. చివరికి ఆపరేషన్ అవసరమైతే, తాను సరిగ్గా ఊపిరి తీసుకోలేదు కాబట్టే ఇలా అయిందని ఆ పిల్ల జీవితాంతం తనను తాను నిందించుకోవచ్చు. తెలంగాణలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కానుపుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, ఒడిశాలో 21.6. ఇంత తేడా ఆడవాళ్ళ ఊపిరిలో ఉండదు. ఆస్పత్రుల తీరులో ఉంటుంది.

మరి దేని వల్ల లెక్కలు నిజంగా మారతాయి? నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ పుట్టేదాకా ఒక మనిషి వదలకుండా పక్కన ఉండటం వల్ల. 2017 నాటి కోక్రేన్ సమీక్ష 26 అధ్యయనాల్లో పదిహేను వేల మందికి పైగా ఆడవాళ్ళ వివరాలు చూసింది. తోడు ఉన్నచోట మామూలు కానుపులు పెరిగాయి, సిజేరియన్లు తగ్గాయి, నొప్పులు పడిన సమయమూ తగ్గింది. మన మంత్రసాని చేసింది ఈ పనే. నడుం పామడం, నడిపించడం, కూర్చోబెట్టడం, "ఇంకొంచెం సేపే తల్లీ" అనడం ఆమెకు తెలుసు. రక్తస్రావం ఆపడం ఆమె చేతిలో లేదు. అందుకే కానుపు ఆస్పత్రికి మారడం మంచిదే అయింది. కాకపోతే ఆ మార్పులో పక్కన కూర్చునే మనిషి ఇంటి దగ్గరే ఉండిపోయింది. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, "ముక్కు, గట్టిగా ముక్కు" అని కేకలేసే పద్ధతి మిగిలింది. నొప్పుల్లో అటూ ఇటూ నడవనివ్వాలని, తోడు ఉండనివ్వాలని, ముక్కాలన్న తాకిడి ఆమెకు వచ్చినప్పుడే ముక్కనివ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆస్పత్రితో, యునిసెఫ్‌తో కలిసి కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. మంత్రసాని ఓపికనూ నర్సు చదువునూ ఒకే మనిషిలో కలిపే ప్రయత్నమది.

జయపురం చేరువలోని కుందుర బ్లాకు లాంటి చోట ఇవన్నీ ఎలా కుదురుతాయి? అక్కడి గర్భిణి ముందు ఉన్న మొదటి ప్రశ్న ఊపిరి గురించి కాదు, దారి గురించి. వానాకాలంలో అంబులెన్సు ఊరి దాకా వస్తుందా, ఫోనుకి సిగ్నల్ అందుతుందా అన్నది ముందు తేలాలి. ఇంగ్లిషులో నడిచే వీడియో కోర్సు ఆమెకు ఏ విధంగానూ అక్కరకు రాదు. అయితే ఒడిశా ప్రభుత్వం మారుమూల ప్రాంతాల కోసం ‘మా గృహ’ అనే పేరుతో వసతి ఇళ్ళు పెట్టింది. నెలలు నిండిన ఆడవాళ్ళు కానుపుకి వారం పది రోజుల ముందే వచ్చి ఆస్పత్రి దగ్గర ఉండిపోవచ్చు. సరిహద్దుకి అవతల, ఆంధ్రప్రదేశ్‌లోని సాలూరులోనూ గిరిజన గర్భిణుల కోసం ఇలాంటి వసతి గృహమే పెట్టారు.

నాకు ఆశ పుట్టేది ఇక్కడే. నెలలు నిండిన నలుగురైదుగురు ఒకే కప్పు కింద, వేరే పనేమీ లేకుండా, బిడ్డ కోసం ఎదురుచూస్తూ ఉంటారు. ఊపిరి పాఠం చెప్పడానికి ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. వాళ్ళ భాషే మాట్లాడే ఏఎన్ఎం గొంతుతో కువిలో, దేశియాలో, సవరలో, తెలుగులో పది నిమిషాల ఆడియోలు రికార్డు చేసి ఒక ఫోన్లో ఉంచితే సిగ్నల్‌తో పనిలేదు. సాయంత్రం అందరూ కలిసి విని, ఊపిరి లెక్కపెట్టి, ఒకరి నడుం ఒకరు పామి నేర్చుకోవచ్చు. పురుటి గదిని ముందే ఒకసారి చూపించి, ఏ బల్ల ఎందుకో చెబితే సగం బెరుకు అక్కడే పోతుంది. దీనికి పెద్ద ఖర్చేమీ అవసరం లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం ఏ భాషలో చెప్పినా మొదట్లోనే చెప్పాలి. ఊపిరితో ఓర్చుకోకూడని నొప్పులు, లక్షణాలు ఉన్నాయి. రక్తం పోవడం, ఆగని తలనొప్పితో చూపు మసకబారడం, ఫిట్స్, బిడ్డ కదలిక తగ్గడం, ఉమ్మనీరు పచ్చగా రావడం, వీటిలో ఏది కనబడినా అప్పటికప్పుడు డాక్టరుకి చూపించాలి. ఈ కొండల్లో సికిల్‌సెల్ ఉన్న గర్భిణులు ఉన్నారు. ఆ జబ్బు తెచ్చే కీళ్ళ నొప్పిని, ఛాతీ నొప్పిని కానుపు నొప్పి అనుకుని కళ్ళు మూసుకుని పడుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. రక్తం ఎంత ఉందో చూపించుకోవడం, డాక్టరు చెప్పినట్టు ఐరన్ మాత్రలు వేసుకోవడం కోర్సుకన్నా ముందు రావాలి.

పుట్టింట్లో ఉన్న ఆ అమ్మాయికి ఇంకో మాట. కోర్సులన్నీ భర్త పక్కన ఉంటాడనుకుని తయారైనవి. మన ప్రభుత్వాసుపత్రుల్లో పురుటి గదిలోకి తోడును అనుమతిస్తూ కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు, ప్రధానంగా కానుపు అనుభవం ఉన్న ఆడమనిషిని ఉద్దేశించినవి. చాలా ప్రైవేటు ఆస్పత్రుల్లో ఎవరి నియమం వారిది. రేపు ఆమె చెయ్యి పట్టుకునేది అమ్మో, పిన్నో, వదినో అయితే ఆడియో వినాల్సింది, ఊపిరి లెక్క నేర్చుకోవాల్సింది వాళ్ళే. కాబట్టి ఇయర్‌ఫోన్లు తీసి ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టాలి. వచ్చే చెకప్‌కి వెళ్ళినప్పుడు అమ్మను వెంట తీసుకెళ్ళి, లోపలికి ఎవరిని రానిస్తారో, నొప్పుల్లో నడవనిస్తారో లేదో నర్సును అడిగి తెలుసుకోవాలి.