ఇరుకు బోను: ఎరొషెంకో రాతల్లో విముక్తి ప్రశ్న

వరంగల్‌లో మేం కూచున్న మీటింగుల్లో ఒక మాట తరచుగా వస్తుంటది. "ఎంత చెప్పినా మీ వాడోళ్లు కదలరు. వాళ్లకే అక్కర లేకుంటే ఎవరేం చేస్తరు?" ఈ మాట అనేవాళ్లు శత్రువులు కాదు, మన పక్కన నడిచినవాళ్లే. అందుకే ఇది ఎక్కువ గుచ్చుకుంటది. ఈ మాటకు గట్టి కథారూపం ఇచ్చిన రచయిత ఒకాయన ఉన్నాడు. పేరు వాసిలీ ఎరొషెంకో. ఎస్పెరాంటో భాషలో కవిత్వం రాసిన రష్యన్ అంధ కవి. ఆయనను మేం ఇక్కడ చదవడం పరాయి దేశపు వింత కోసం కాదు, ఆ మాటకు జవాబు వెతకడం కోసం.

ముందు ఆయన జీవితం క్లుప్తంగా. 1890లో ఒబుఖోవ్‌కా అనే రష్యన్ పల్లెలో పుట్టాడు. నాలుగేళ్లప్పుడు తట్టు వచ్చి చూపు పోయింది. మాస్కో అంధుల బడిలో చదివి, బతుకుదెరువుకు వాద్యబృందంలో వయొలిన్ వాయించాడు. ఎస్పెరాంటో నేర్చుకున్నాక దారి తెరుచుకుంది. ఆ భాష వచ్చినవాళ్లు ఊరూరా అందుకుని పంపితే 1912లో లండన్ చేరాడు, 1914లో టోక్యో చేరాడు. 1916 తర్వాత సయాం, బర్మా, కలకత్తా తిరిగాడు. బర్మాలో మౌల్మీన్ అంధుల బడిలో పాఠాలు చెప్పాడు. మన కోస్తా జిల్లాల నుంచి పోయిన తెలుగు కూలీలను 'కోరంగీలు' అని పిలిచిన దేశం అది. రష్యాలో విప్లవం వచ్చాక బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను అనుమానించి 1919లో పంపించేసింది. 1921లో జపాన్ కూడా సోషలిస్టులతో తిరుగుతున్నాడని దేశం నుంచి వెళ్లగొట్టింది. 1922లో పెకింగ్ విశ్వవిద్యాలయంలో ఎస్పెరాంటో చెప్తూ లూషున్ ఇంట్లో ఉన్నాడు. ఎస్పెరాంటోలో 'ఒక ఏకాకి ఆత్మ మూలుగు' అనే సంపుటి 1923లో వచ్చింది. కథలు చాలామటుకు జపనీస్‌లో రాశాడు. వాటిని చైనీయుల ముందుకు తెచ్చినవాళ్లలో ముఖ్యుడు లూషున్.

ఇక భాష సంగతి. ఎస్పెరాంటోను 1887లో అచ్చుకు తెచ్చిన జామెన్‌హోఫ్ యూదుడు, వృత్తికి కంటి డాక్టరు. జాతులు ఒకరినొకరు కొట్టుకునే బియాలిస్తోక్ పట్నంలో పెరిగి, ఎవరి సొత్తూ కాని భాష ఉండాలనుకున్నాడు. కంటి డాక్టరు చేసిన భాషను చూపులేని కవి చేతికర్రలాగా వాడుకున్నాడు. ఆ భాషలో 'నువ్వు', 'మీరు' అని రెండు లేవు, అందరికీ ఒకటే మాట. 'వాడు', 'అతను', 'ఆయన' అని మెట్లు లేవు. మన తెలుగులో దళిత స్త్రీని 'అది' అని పిలిచే నోరు అక్కడ వ్యాకరణం దగ్గరే ఆగిపోతది. 'నీ బాంచన్ దొరా, కాల్మొక్త' అనే మాట పుట్టిన నేలమీద ఉన్న మాకు ఇది చిన్న విషయం కాదు. భాష మెట్లుమెట్లుగా ఉండడం ప్రకృతి నియమం కాదని, మనుషులు కట్టిన మెట్లను మనుషులే కూల్చవచ్చని ఎస్పెరాంటో చూపించింది. అయితే సర్వనామం మారితే సమాజం మారిపోదు. ఇంగ్లీషులోనూ ఒక్క 'యూ'నే గదా, నల్లవాళ్ల బతుకు మారిందా? ఎస్పెరాంటో మాటలు కూడా ఎక్కువ భాగం యూరప్ భాషల నుంచి వచ్చినవే. మన దగ్గరకు అది యూనివర్సిటీ దారినే వచ్చింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చెప్పిన ప్రబాల్ దాస్‌గుప్తా 2007 నుంచి 2013 దాకా ప్రపంచ ఎస్పెరాంటో సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. అది మన వాడల దాకా రాలేదు.

ఎరొషెంకో తన బడి రోజుల గురించి ఒక రచన చేశాడు. మనుషుల్లో తెల్లజాతే నాగరికమైనదని పంతులు పాఠం చెప్తడు. రంగు చూడలేని పిల్లలకు ఆ పాఠం తలకెక్కదు, ఎదురు ప్రశ్నలు వేస్తరు. చదువుతుంటే సంతోషం వేస్తది. కానీ మా బడిలో ఆ కథ అట్ల నడవదు. కులానికి కండ్లు అక్కర లేదు, చెవులు చాలు. "మీరేమోల్లు?" అని అడిగితే చాలు. ఇంటిపేరు, వాడ పేరు, మాట యాస చాలు. చూపులేని పిల్లవాడికి కూడా మన ఊరు ఆ ప్రశ్న నేర్పిస్తది. జాతి గురించి యూరప్ రచయితలు చెప్పినదాన్ని కులానికి అట్లనే అతికిస్తే ఎక్కడ తేలిపోతదో ఇక్కడ తెలుస్తది.

ఇప్పుడు అసలు కథ, 'ఇరుకు బోను'. ఇండియాలో తిరిగిన అనుభవంతో జపనీస్‌లో రాసిన కథ ఇది. లూషున్ 1921లోనే చైనీస్‌లోకి తెచ్చాడు. బోనులో ఒక పులి. చుట్టూ వేడుక చూసే మనుషుల మొహాలు. అది బయటపడి అడవికి పోయినట్టు కల కంటది. తనకు దొరికిన స్వేచ్ఛ అందరికీ ఇవ్వాలనుకుంటది. గొర్రెల దొడ్డి కంచె విరగ్గొడ్తది. గొర్రెలు బయటికి రావు. రాజు అంతఃపురంలో బందీలున్నరు, సతీ చితి దగ్గర బ్రాహ్మణులున్నరు, ఆడమనిషి ఉంది. ఎవరూ పులి ఇచ్చే స్వేచ్ఛను అందుకోరు. చివరికి పులి కండ్లు తెరిస్తే తనూ బోనులోనే ఉంటది. సతి మీద ఇంత కోపంతో రాసిన పరదేశి రచయితలు తక్కువ. ఆ కోపాన్ని మేం గౌరవిస్తం.

కానీ గొర్రెల పక్కన నిలబడి ఈ కథ చదవాలె. కంచె విరగ్గొట్టింది ఎవరు? పులి. గొర్రెకు పులి అంటే ఏమిటి? గొర్రె కదలకపోతే అది బానిస బుద్ధి అని కథ బాధపడ్తది. మేం దాన్ని గొర్రె తెలివి అంటం. బయటికి పిలిచేవాడి పండ్లు ఎట్లుంటయో తరతరాలుగా చూసిన తెలివి అది. అగ్రకుల నాయకుడు వాడకు వచ్చి రమ్మంటే ముందు కాలు బయట పెట్టనోడిని పిరికివాడు అంటే ఎట్ల? కారంచేడు 1985లో జరిగింది, చుండూరు 1991లో జరిగింది. ఆ ఊళ్ల మనుషులకు స్వేచ్ఛ అక్కర లేదని ఎవరన్నా అనగలరా? ఉద్యమాన్ని వాళ్లే నడిపించారు గదా. ఇంకో సంగతి. కథ రాజు అంతఃపురం, సతీ చితి చుట్టూ తిరుగుతది తప్ప ఊరి చివర దాకా పోదు. చితికి కట్టెలు కొట్టింది ఎవరు, కాటి దగ్గర కాపలా ఉన్నది ఎవరు అన్నది మనం అడగవలసిన ప్రశ్న.

లూషున్‌కు ఈ మంచి మనసులోని చిక్కు తెలిసినట్టుంది. 1922లో 'బాతుల ప్రహసనం' అనే కథ రాశాడు. పెకింగ్ ఎడారిలా ఉంది, కప్పల అరుపన్నా వినపడదని ఎరొషెంకో దిగులుపడ్తడు. కప్పపిల్లలను కొని ఇంటి ముందరి చిన్న కుంటలో వేస్తడు. తర్వాత ముద్దొచ్చి బాతుపిల్లలను కొంటడు. బాతులు కప్పపిల్లలన్నిటినీ తినేస్తయి. ఎవరు ఎవరిని తింటరో చూడకుండా అందరినీ ఒకే కుంటలో దించితే సమానత్వం రాదు. 'మనమంతా ఒకటే' అంటూ కులం మాట ఎత్తవద్దనేవాళ్లు ఈ కథ చదవాలె.

మన జాషువా ఎరొషెంకోకు ఐదేళ్లు చిన్న. 'గబ్బిలం' 1941లో వచ్చింది. అక్కడా ఒక జీవి ఉంది. కానీ అది ఎవరినీ విడిపించడానికి రాదు, మోసుకుపోవడానికి వస్తది. మాట్లాడేది అరుంధతీ సుతుడు. తన ఆకలి, తన కోపం తనే చెప్తడు. తనకు ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలం పోగలదు కాబట్టి దాన్ని రాయబారిగా పంపుతడు. ఎరొషెంకో కథలో విడిపించేవాడి మాట వినపడ్తది, గొర్రెలకు మాట లేదు. జాషువా కావ్యంలో బాధపడ్డవాడి మాట వినపడ్తది, జీవి రెక్కలు మాత్రమే ఇస్తది. సానుభూతి సాహిత్యానికీ దళిత సాహిత్యానికీ తేడా ఏమిటని అడిగే విద్యార్థులకు మేం ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తం. జాషువా తీసుకున్న భాష కూడా ఎవరి సొత్తూ కానిది కాదు. తనకు కాదన్న ఛందస్సునే పట్టుకుని అందులో నిలబడ్డాడు. భాషలో సమానత్వం దొరకడానికి రెండు దారులు: కొత్త ఇల్లు కట్టుకోవడం, లేదా రానివ్వని ఇంట్లోకి తలుపు తోసుకుని పోవడం. రెండూ అవసరమేనని మా అభిప్రాయం.

ఇంత చెప్పి ఎరొషెంకోను తీసి పక్కన పెట్టడం న్యాయం కాదు. కథలో దొరకని జవాబు ఆయన బతుకులో దొరుకుతది. 1930ల మధ్యలో తుర్క్‌మెనియాకు పోయి దాదాపు పదేళ్లు అంధ పిల్లలకు చదువు చెప్పాడు. తుర్క్‌మెన్ భాషకు బ్రెయిలీ అక్షరాలు తయారు చేశాడు. ప్రపంచ భాషను అంతగా నమ్ముకున్న మనిషి అక్కడి పిల్లల ముందు వాళ్ల భాషకే చుక్కలు పేర్చాడు. కంచె విరగ్గొట్టి రమ్మని అరవలేదు, వాళ్లు తమంతట తామే చదువుకునే అక్షరం వేళ్ల కింద పెట్టాడు. 1952లో పుట్టిన ఊళ్లోనే చనిపోయాడు.

మీటింగులో ఆ మాట మళ్లీ వస్తది. అప్పుడు మేం అడిగేది ఒకటే. వాడ కదలలేదని చెప్పేముందు, మీరు వాడలోకి పులిలాగ వచ్చారా, పలక పట్టుకుని వచ్చారా?