నల్లమల వెదురు విల్లు

నల్లమల చెంచుల విల్లు చూడటానికి సాదా పనిముట్టు. ఒక వెదురు బద్ద, దానికో అల్లెతాడు, చేతిలో నాలుగు అంబులు, అంతే. మేకు లేదు, జిగురు లేదు, రెండు ముక్కల అతుకు లేదు. సాగే గుణం, నొక్కుడుకు ఓర్చుకునే గుణం రెండూ ఆ ఒక్క బద్దలోనే ఉండాలి. వెదురు ఎంచడంలో గానీ, ఆరబెట్టడంలో గానీ, చెక్కడంలో గానీ ఒక్కచోట తప్పితే విల్లు విరుగుతుంది. విరగకపోతే వంగి అలాగే ఉండిపోతుంది. అందుకే దీని విలువ వస్తువులో కంటే చేసిన చేతిలో ఎక్కువ.

అడవీ, మైదానమూ

గుంటూరు పక్కనున్న నల్లపాడు జంక్షన్ నుంచి నంద్యాల వైపు వెళ్లే రైలు మార్గంలో నరసరావుపేట, వినుకొండ దాకా పత్తి, మిరప చేలే ఎక్కువ కనిపిస్తాయి. దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు దాటాక, దిగువమెట్ట దగ్గర లైను నల్లమలలోకి ప్రవేశిస్తుంది. ఆ కొండల అంచునే మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాల్లోనూ, పడమటి ప్రకాశంలో యర్రగొండపాలెం, పెద్ద దోర్నాల, పుల్లలచెరువు వైపునా చెంచు గూడేలు ఉన్నాయి. కృష్ణకు అవతల అమ్రాబాద్ పీఠభూమి మీదివాటిని పెంటలంటారు. చెంచుల మాట తెలుగే. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వీరి సంఖ్య 64,227. క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అమ్రాబాద్ చెంచుల మధ్య ఉండి రాసిన పుస్తకం 1943లో వెలువడింది. దుంపలు తవ్వే గునపం, గొడ్డలి, విల్లంబులు, తేనె తీసే తాళ్లు, ఈ కాసిని సామాన్లతో అడవిలో బతికిన జనాన్ని ఆ పుస్తకం వివరంగా చూపించింది.

నల్లరేగడి మైదానంలో విల్లుకు పనికొచ్చే కట్టె తక్కువ, వేట అంతకంటే తక్కువ. ఇక్కడ విల్లు వేరే పనులకు మళ్లింది. పత్తి పండే ఊళ్లలో దూదేకులవారు దూదిని ఏకింది విల్లుతోనే. బారెడు కొయ్యకు బిగించిన నరపు తాడును దూది కుప్పలో ఉంచి, రెండు చివరలా గుండ్రంగా ఉన్న చేతికొయ్యతో మీటితే, తాడు అదురుకు పోగులు విడిపోయి దూది పొంగుతుంది. చేను కాపలాకు ఉండివిల్లు ఉండేది. దానికి తాళ్లు రెండు, వాటి నడుమ గుడ్డపట్టీ. అందులో అంబుకు బదులు ఎండిన మట్టి ఉండను పెట్టి జొన్నచేల మీద వాలే చిలకలను తోలేవారు. వేట విల్లు మాత్రం కొండ దిగలేదు.

కట్టె ఎంపిక

నల్లమలలో విస్తారంగా పెరిగేది సాధనపు వెదురు. వాన తక్కువైన రాతి నేలల్లో దీని బొంగు లోపలి బోలు బాగా చిన్నది. కొన్ని గడలకు బోలే ఉండదు. గోడ మందంగా ఉంటే చెక్కడానికి, వంచడానికి కావలసినంత కండ దొరుకుతుంది. లేత గడ పనికిరాదు. అందులో నీరెక్కువ, ఆరాక ముడుచుకుపోతుంది. కనీసం మూడేళ్లు ముదిరి, ఆకుపచ్చదనం తగ్గి, గొడ్డలి మడమతో తడితే గట్టిగా మోగే గడను ఎంచుతారు. చలికాలంలో నరికిన వెదురుకు పుచ్చు తక్కువ. ఆ రోజుల్లో గడలో పిండిపదార్థం తగ్గి ఉండటం దానికి కారణం, పుచ్చు పురుగు తినేది దాన్నే.

వెదురు కాకుండా కొయ్యతో చేయాల్సి వస్తే తడ జాతి చెట్లకు పేరు. జాన, చరాచి అని పిలిచే చెట్టు కొయ్య బాగా వంగి మళ్లీ నిలబడుతుంది. ఉత్తరాదిన దీన్నే ధామన్ అంటారు. సంస్కృతంలో దీనికి ధనుర్వృక్షమనే పేరు ఉంది.

వెదురు గడను అడ్డంగా కోసి చూస్తే తొక్క దగ్గర నల్లని చుక్కలు ఒత్తుగా, లోపలికి పోయేకొద్దీ పలచగా కనిపిస్తాయి. బలమిచ్చే నారలు అవే. విల్లు వంగినప్పుడు వేటగాడికి ఎదుటి వైపు సాగుతుంది, అతని వైపు నొక్కుకుంటుంది. సాధారణంగా తొక్క వైపును బయటికి పెట్టేది అందుకే. ఇంగ్లండ్ పొడుగు విల్లుకు యూ చెట్టును ఎంచుకోవడంలోనూ ఈ లెక్కే ఉంది. ఆ చెట్టు తెల్ల కొయ్య సాగుడుకు, ఎర్రని చేవ నొక్కుడుకు ఓర్చుకుంటాయి. 1545లో మునిగి 1982లో పైకి తెచ్చిన మేరీ రోజ్ ఓడలో చెక్కుచెదరని యూ విల్లులు 137 దొరికాయి. మానుతో చేసిన ఆ విల్లులు చాలావరకు మనిషి కంటే ఎత్తు. చెంచు విల్లుకు అంత పొడవు అవసరం లేదు, పొదల్లో నుంచి నడిచే మనిషి చేతిలో అంత పొడవు అడ్డం కూడా.

చెక్కడం

నరికిన గడను నిలువునా చీల్చి, బద్దలను ఎండ తగలని నీడలో వారాల తరబడి ఆరబెడతారు. ఎండలో పెడితే బయట ఆరి లోపల తడి నిలిచి పగుళ్లొస్తాయి. వంకర ఉంటే నిప్పుల సెగ మీద కాచి, మోకాలికి అదిమి తీస్తారు.

చెక్కుడు లోపలి వైపు నుంచే. తొక్క మీద కత్తి పడితే నార తెగుతుంది, తెగినచోటే రేపు విల్లు చిట్లుతుంది. కణుపుల దగ్గర మాత్రం పైకి లేచిన గట్టును నునుపు చేస్తారు. నడుమ పిడికిలి పట్టేచోట వెడల్పు, మందం ఉంచి, కొనల వైపు క్రమంగా సన్నం చేస్తారు. కొనలు బరువైతే అవి కదలడానికే బలం ఖర్చయి అంబుకు వేగం తగ్గుతుంది.

అసలు పనితనం రెండు కొమ్ములనూ సమంగా వంచడంలో ఉంది. విల్లును కొద్దిగా వంచి దూరం నుంచి చూస్తారు. ఒకచోట బిరుసుగా నిలిచి, మరోచోట మడత పడినట్టుంటే, బిరుసైన చోటే గీకుతారు. మెత్తబడిన చోటును ముట్టుకోరు. గీకినది తిరిగి రాదు కాబట్టి ప్రతి గీకుడు తర్వాతా పలుమార్లు వంచి చూస్తారు. ఈ దశలో తొందరపడినవాడికి మిగిలేది వంటచెరకే.

అల్లెతాడు

ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో అల్లె రెండు రకాలుగా కనిపిస్తుంది. మొదటిది వెదురు తొక్కనే సన్నని పట్టీగా చీల్చి, చివరలను నారతో విల్లు కొనలకు కట్టేది. అది సాగదు, వానకు మెత్తబడదు. రెండోది నార పేనినది. అడ్డాకు తీగ నార, చాగ నార దీనికి పనికొస్తాయి. చాగ ఆకుల నారకు విల్లుతో ఉన్న సంబంధం పాతది. సంస్కృతంలో మూర్వ అన్నా, ఇంగ్లీషువారు వింటి జనుము అన్నా ఆ జాతి మొక్కలే. నార అల్లెకు తేనె మైనం రుద్దితే తడి పట్టదు, పోగులు లేవవు.

అల్లె ఎక్కించాక తాడుకూ పిడికీ నడుమ ఎడం సరిచూస్తారు. పిడి మీద పిడికిలి పెట్టి బొటనవేలు నిలబెడితే దాని కొన తాడుకు తగలాలి. ఎడం తక్కువైతే తాడు మణికట్టును కొడుతుంది, ఎక్కువైతే అంబుకు తోపు చాలదు. పని లేనప్పుడు అల్లె దించి ఉంచాలి. రోజంతా వంగి ఉన్న బద్ద తన వంపునే అసలు రూపం చేసుకుంటుంది. అంబు లేకుండా అల్లె లాగి వదలడం మహా తప్పు. అంబు తీసుకుపోవలసిన బలమంతా విల్లు మీదికే తిరిగొచ్చి బద్ద చీలుతుంది.

అంబు

విల్లు ఎంత మంచిదైనా అంబు వంకరైతే గురి లేదు. సన్నని వెదురు కర్రను గానీ రెల్లు జాతి గడ్డి కాడను గానీ సెగ చూపి నిటారు చేస్తారు. వెనక కొసకు అల్లె పట్టే గాడి, ముందు కొసకు ములికి. ఇనుప ములికి కొలిమి పని. చెంచులు ఇనుము కరిగించినవారు కారు, దానికోసం మైదానం మీద ఆధారపడ్డారు. పిట్టలకు ములికి లేని మొద్దు కొస అంబు చాలు. అది చెట్టు కొమ్మకు గుచ్చుకుని పైనే ఉండిపోదు కూడా.

వెనక కట్టిన ఈకలు అంబు తోకను గాలిలో పట్టి ఉంచి, మొనను ముందుకే నడిపిస్తాయి. ఒకే రెక్క వైపు ఈకలనే ఒక అంబుకు వాడాలి. ఎడమ రెక్క ఈక, కుడి రెక్క ఈక కలిస్తే ఒకటి తిప్పిన అంబును మరొకటి ఎదురు తిప్పుతుంది.

అంబు బిరుసు విల్లు బలానికి తగి ఉండాలి. అల్లె వదలగానే అంబు నిటారుగా దూసుకుపోదు. మొదట పాములా వంగి, విల్లు పక్కనుంచి మెలిక తిరిగి, తర్వాత సర్దుకుంటుంది. కుడిచేత్తో లాగేవాడి అంబు మరీ బిరుసైతే ఎడమకు, మరీ మెత్తనైతే కుడికి పోతుంది. అందుకే అనుభవజ్ఞుడు ఒకే లావు, ఒకే బరువు ఉన్న కాడలను ఏరి ఒక పొదిలో పెట్టుకుంటాడు.

లాగడం, వదలడం

ఈ విల్లుకు గురి చూసే పరికరమేదీ లేదు. కన్ను లక్ష్యం మీదే ఉంటుంది, చెయ్యి దూరాన్ని అలవాటు మీద అంచనా కడుతుంది. ఎడమచెయ్యి పిడిని బిగించదు, అరచేతితో నెడుతుంది. కుడిచేతి వేళ్లు అల్లెను లాగుతాయి. మొఘల్, తుర్కీ విలుకాళ్లు బొటనవేలికి ఉంగరం తొడిగి దానితో లాగేవారు. అడవి జనంలో చాలామంది చూపుడు, మధ్య వేళ్లతో లాగుతారు. పశ్చిమ భారతంలో భిల్లులు బొటనవేలు వాడకపోవడాన్ని ఏకలవ్యుడికి ముడిపెట్టి చెప్పుకుంటారు.

లాగిన చెయ్యి ప్రతిసారీ ఒకే చోట, దవడ దగ్గరో రొమ్ము దగ్గరో ఆగాలి. అంగుళం తేడా వచ్చినా అంబు వేగం మారుతుంది. బలం భుజంలో కంటే వీపులో ఉంటుంది. వదిలేటప్పుడు వేళ్లు సడలాలి గానీ తాడును లాగి విసరకూడదు. అంబు గురికి చేరేదాకా విల్లు పట్టిన చెయ్యి కదలకూడదు.

బలం లెక్క ఇలా ఉంటుంది. పూర్తిగా లాగినప్పుడు 18 కిలోల పట్టు ఉన్న విల్లు, అల్లెను అర మీటరు వెనక్కి లాగితే సుమారు 44 జౌళ్ల శక్తిని నిల్వ చేస్తుంది. అందులో మూడింట రెండు వంతులు అంబుకు అందాయనుకుంటే, 30 గ్రాముల అంబు సెకనుకు 44 మీటర్ల వేగం అందుకుంటుంది. 20 మీటర్ల దూరానికి అర సెకను కూడా పట్టదు. అయినా అల్లె చప్పుడు అంబు కంటే ముందే జంతువు చెవిన పడుతుంది. అందుకే అడవి వేటలో దూరం నుంచి వేయడం కంటే గాలికి ఎదురుగా, అలికిడి లేకుండా దగ్గరకు చేరడమే పెద్ద విద్య.

గుడిలో, చట్టంలో

చెంచుల విల్లు నల్లమల దేవాలయాల ఆచారంలోనూ ఉంది. అహోబిలం నరసింహుడు చెంచులక్ష్మిని పెళ్లాడాడని ప్రతీతి. అక్కడ కనుమనాడు మొదలై దాదాపు 40 రోజులు సాగే పారువేటలో స్వామి పల్లకీ చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతుంది. పారువేట ఆరంభంలో చెంచులు పల్లకీ వైపు బాణాలు వేయడం ఆనవాయితీ. శ్రీశైలం మల్లన్నను చెంచు మల్లయ్య అని పిలుచుకుంటారు. శ్రీశైలంలోని చెంచులక్ష్మి గిరిజన మ్యూజియంలో వీరి జీవితాన్ని చూపే వస్తువులున్నాయి.

వేటకు మాత్రం కాలం చెల్లింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి 1978లో అభయారణ్యమై, 1983లో ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, సేకరణ హక్కు ఇచ్చింది. వేటాడే హక్కును మాత్రం పేరుపెట్టి మినహాయించింది. విల్లుకు కావలసిన వెదురు చెంచుకు దక్కుతుంది, ఆ విల్లుతో వేట దక్కదు. అడుగుజాడలు చదివే ఆ పాత నేర్పుతోనే ఇవాళ చాలామంది చెంచులు పులుల రక్షణ శిబిరాల్లో కాపలాదారులుగా పనిచేస్తున్నారు.

మైదానంలో విలువిద్య మరో దారి పట్టింది. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్ (కప్పీల విల్లు) విభాగంలో మూడు స్వర్ణాలు గెలిచింది. బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్ మిశ్రమ జట్టు పోటీలో అంకిత భకత్‌తో కలిసి నాలుగో స్థానం దాకా వెళ్లాడు. వారి చేతుల్లోని విల్లులు లోహం, కార్బన్‌తో చేసినవి, వాటి ఖరీదు లక్షల్లో ఉంటుంది. అయితే దేశీయ పోటీల్లో ఇండియన్ రౌండ్ అనే విభాగం ఉంది. అందులో వెదురు విల్లుతోనే 50, 30 మీటర్ల దూరాల్లో వేయాలి. చవకైన విల్లుతో కొత్తవారు మొదలుపెట్టే విభాగం అదే.

చెంచు గూడెంలో వెదురు ఉంది, విల్లు చెక్కడం తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు, పోటీలో ఆ విల్లుకు చోటూ ఉంది. ఈ మూడింటినీ కలిపే పని గిరిజన సంక్షేమ పాఠశాలలది, క్రీడా శాఖది. ఇండియన్ రౌండ్ శిక్షణను మార్కాపురం, మాచర్ల, సున్నిపెంట వైపు ఆశ్రమ పాఠశాలల్లో మొదలుపెట్టి, చెక్కుడు నేర్పడానికి గూడెం పెద్దలను గౌరవ వేతనంతో పిలవాలి. మ్యూజియం అద్దాల వెనక విల్లు ఒక్కటే నిలుస్తుంది, దాన్ని సమంగా వంచే నేర్పు నిలవాలంటే పిల్లల చేతికి కత్తి, వెదురు బద్ద ఇవ్వాల్సిందే.