అల్మారా తలుపు

పెళ్లితో శుభం కార్డు వేసే సినిమాల కంటే, పెళ్లయిన మర్నాటి నుంచి మొదలయ్యేవంటేనే నాకు ఇష్టం. బొల్లారం పారిశ్రామికవాడలో కాపురం పెట్టినవాళ్లెవరికైనా ఆ ఇష్టం అర్థమవుతుంది. ఇక్కడ కొత్త జంటలకు దొరికేది ఒక్క కిరాయి గది. మూలన గ్యాస్ పొయ్యి, వరసకంతా ఒకటే బాత్‌రూమ్, రాత్రంతా లారీల మోత. మేమూ అలాంటి గదిలోనే మొదలయ్యాం.

అందుకే కింగ్ విడార్ 1928లో తీసిన మూకీ ‘ద క్రౌడ్’ నాకు పరాయి ఊరి కథలా అనిపించదు. జాన్, మేరీ నయాగరా చూసొచ్చి న్యూయార్క్‌లో ఇరుకింట్లో దిగుతారు. గోడలోంచి వాల్చుకునే మంచం, పక్కనే రైలు పట్టాలు. ఒక పొద్దున గొడవ మొదలవుతుంది. అల్మారా తలుపు సరిగ్గా పడదు, టాయిలెట్ పనిచెయ్యదు, దేన్ని ముట్టుకున్నా దెప్పుడే. అతను విసురుగా బయటికి నడుస్తాడు. వెనక్కి పిలిచి, తాను కడుపుతో ఉన్న సంగతి అప్పుడు చెబుతుందామె. అతని ముఖం ఒక్కసారిగా మెత్తబడుతుంది. తలుపు మాత్రం ఎవరూ బాగుచెయ్యలేదు. జాన్‌గా వేసిన జేమ్స్ ముర్రే అప్పటిదాకా గుంపులో నిలబడే ఎక్స్‌ట్రా నటుడు. ఆ ముఖానికి ఎక్కడా హీరో వాసన లేదు.

మన పాత సినిమాల్లో సంసారమంటే అత్తలు, తోడికోడళ్లు, పంపకాలు. ‘మిస్సమ్మ’లో ఇద్దరే ఒకింట్లో ఉన్నా అది ఉద్యోగం కోసం ఆడిన నాటకం. ‘మాయాబజార్’ తీసిన మరుసటి ఏడాదే, 1958లో, కె.వి. రెడ్డి ‘పెళ్లినాటి ప్రమాణాలు’ తీశారు. అక్కినేని, జమున ప్రేమించి పెళ్లాడతారు. పిల్లలు పుట్టి ఆమె ఇంటిపనిలో మునిగిపోయాక, అతని చూపు ఆఫీసులో సెక్రటరీ మీదికి పోతుంది. ఘటోత్కచుడి మాయల కంటే, విసుగెత్తిన మొగుణ్ని నమ్మేలా చూపించడమే కష్టమని నా నమ్మకం. ఆయన చూపించారు. కాకపోతే ఆ కాపురం బీటలు వారడానికి ఆయనకు మూడో మనిషి కావలసి వచ్చింది. విడార్‌కి అల్మారా తలుపు చాలింది.

మా బొల్లారం గదుల్లో కొత్త జంట కథకు అల్మారా తలుపు కూడా అక్కర్లేదు. ఆమె ప్యాకింగ్‌లో జనరల్ షిఫ్ట్, అతను ప్లాంటులో నైట్ షిఫ్ట్. గది తాళంచెవి చేతులు మారేటప్పుడే ఇద్దరూ ఎదురుపడతారు. మన కుర్ర దర్శకులెవరైనా విలన్‌ని పెట్టకుండా, ఈ గదిలోనే కెమెరా దించి ఆ కథ తీస్తే మొదటి రోజే చూస్తాను.