‘అంతస్తు’: ఎత్తా, నిలిచిన చోటా?

‘అంతస్తు’కు నేటి తెలుగులో రెండర్థాలు. ఒకటి మేడలో ఒక వరుస, రెండోది సంఘంలో మనిషికున్న హోదా. ఈ రెండింటినీ కలిపేది ఎత్తు అని మనం సులువుగా అనుకుంటాం. కాని మాట నిర్మాణంలో ఎత్తు అనే భావమే లేదు.

కొందరు విద్యార్థులు దీన్ని ‘అంత + ఆస్తి’ అని విడదీస్తుంటారు. సరదాగానే ఉంది గాని వ్యాకరణానికి లొంగదు. అలా సంధి చేస్తే ‘అంతాస్తి’ కావాలి. దీర్ఘం ఎక్కడికి పోయింది, చివరి ఉకారం ఎక్కడి నుంచి వచ్చింది? సంస్కృత ‘అంతఃస్థ’ శబ్దం నుంచి వచ్చిందనడమే సమంజసం. అంతః అంటే లోపల, నడుమ. స్థ అంటే నిలిచినది. ‘గృహస్థ’ తెలుగులో ‘గృహస్థు’ అయినట్టే ఇది ‘అంతస్థు’ అయి, వాడుకలో ఒత్తు పోగొట్టుకుంది. ‘గ్రామస్థులు’ పత్రికల్లో ‘గ్రామస్తులు’ కావడం మీరు చూస్తున్నదే. య, ర, ల, వ లను అంతస్థాలనడం కూడా వ్యాకరణ పాఠంలో చదివారు. స్పర్శాలకూ ఊష్మాలకూ నడుమ నిలిచేవి కాబట్టి వాటికాపేరు.

ఈ ‘నడుమ’ అన్నదే కీలకం. కింది నేలకూ పైకప్పుకూ నడుమ ఉన్న చోటు మేడలో అంతస్తు. పైన ఒకరు, కింద ఒకరు ఉన్నప్పుడు మనిషి నిలిచిన చోటు సంఘంలో అంతస్తు. ఒంటరి మనిషి ఎత్తును కొలవవచ్చు. అతని అంతస్తును మాత్రం చెప్పలేం. పక్కన మరొకరు కావాలి. 1965లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో వచ్చిన చిత్రానికి ‘అంతస్తులు’ అని బహువచనంలో పేరు పెట్టడం అర్థానికి సరిగ్గా అమరింది. కన్నడంలోనూ ఈ మాటకు రెండర్థాలున్నాయి. తమిళ వ్యవహారంలో ‘అందస్తు’ అంటే హోదాయే.

అచ్చతెలుగు ‘నిలువు’ దారి వేరు. ‘రెండు నిలువుల లోతు’ అన్నప్పుడు నిలబడిన మనిషే కొలబద్ద. అక్కడ పోల్చడానికి మరో మనిషి అక్కరలేదు.

రెండర్థాలూ ఎక్కడ విడిపోతాయో చూడాలంటే హైదరాబాదు గాంధీనగర్, అశోక్‌నగర్ వీధుల్లో నడవండి. లిఫ్టు లేని పాత భవనాల్లో మెట్లు పెరిగేకొద్దీ అద్దె తగ్గుతుంది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు డాబా మీది గదిలో సర్దుకుంటారు, చదువుకు చిక్కడపల్లి గ్రంథాలయానికి వెళ్తారు. అందరికన్నా పై అంతస్తులో ఉన్నవాళ్లే పెళ్లి సంబంధాల మాట వచ్చేసరికి ‘మా అంతస్తుకు తగరు’ అనిపించుకుంటారు. మేడ లెక్క వేరు, మనుషులు వేసే లెక్క వేరు.

‘హోదా’ను దీనికి పర్యాయపదంగా రాసేటప్పుడు జాగ్రత్త అవసరం. ఉర్దూ ‘ఓహ్‌దా’కు చెందిన ఆ మాటకు మూలార్థం ఉద్యోగం, పదవి. పదవీ విరమణ నాడు హోదా కార్యాలయంలోనే ఉండిపోతుంది. (ఈ సంగతి నాబోటివాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు.) అంతస్తును మాత్రం ఇరుగుపొరుగు మర్నాటి నుంచి కొత్తగా లెక్కగడతారు.