స్కానర్ కింద కడప బండ

కడప ఎర్రముక్కపల్లెలో ఒకప్పుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ బంగళా ఉండేది. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో అదే చోట బ్రౌన్ పేరున గ్రంథాలయం వెలిసింది. 1820లో కడపకు ఉద్యోగరీత్యా వచ్చిన బ్రౌన్ సొంత డబ్బుతో పండితులను పెట్టి తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడు. కల్నల్ మెకంజీ పోగుచేయించిన కైఫీయత్తులకూ, అంటే ఊళ్ళ చరిత్రలకూ నకళ్ళు తీయించాడు. ఇప్పుడు పాత కాగితాలకు నకలు తీసే పని స్కానర్లది. ఆనాడు లేఖకుడి చెయ్యి వణికితే అక్షరం చెడేది, ఈనాడు స్కానర్ పెట్టిన బల్ల వణికినా చెడుతుంది.

కెమెరా పేజీనంతా ఒక్కసారే పట్టేస్తుంది. స్కానర్ అలా కాదు, ఒక్కో గీతే చదువుకుంటూ కిందికి దిగుతుంది. 600 డీపీఐ అంటే అంగుళానికి 600 గీతలు. ఆ నడకలో బల్ల కుదుపుకు పేజీ మీద స్కానర్ చూపు పావు మిల్లీమీటరు పక్కకు జరిగినా అక్కడి గీతలు ఆరు చుక్కల మేర తప్పుకుంటాయి. నిటారుగా ఉండాల్సిన మార్జిన్ పాములా మెలికలు తిరుగుతుంది.

మెలికల మధ్య దూరం కొలిస్తే కారణం దొరుకుతుంది. స్కానర్ సెకనుకు 30 మిల్లీమీటర్లు నడుస్తోందనుకుందాం. ఒకటిన్నర మిల్లీమీటరుకో అల కనిపిస్తే బల్ల సెకనుకు 20 సార్లు ఊగినట్టు. నిమిషానికి 1,200 చుట్లు తిరిగే టేబుల్ ఫ్యాన్‌ను అదే బల్ల మీద పెడితే సరిగ్గా ఇలాగే అవుతుంది. కడప మే నెలలో ఫ్యాన్ ఆపమనడం కష్టమే, కానీ పేజీ నడిచే ఆ కాసేపైనా ఆపక తప్పదు.

దిద్దుబాటుకు ఒక మంచి పద్ధతి ఉంది. పేజీ పక్కన స్టీలు స్కేలును నిటారుగా పెట్టి రెండిటినీ కలిపి స్కాన్ చేస్తారు. స్కేలు అంచు ఏ గీత దగ్గర ఎంత తప్పిందో సాఫ్ట్‌వేర్ కొలిచి, ఆ గీతను అంతే వెనక్కి జరుపుతుంది. అయితే గాలికి కాగితం మాత్రమే రెపరెపలాడితే ఆ సంగతి స్కేలుకు తెలియదు. అందుకు పైన గాజు పలక ఉండాలి.

అసలు చిక్కు కదలిక స్కానర్ నడిచే దిక్కునే వచ్చినప్పుడు. ఒకచోట అదే ముక్కను మళ్ళీ చదవడంతో అక్షరం సాగుతుంది, మరోచోట గబుక్కున దాటేయడంతో సన్నని గీత చెరిగిపోతుంది. సాగినదాన్ని కుదించవచ్చు, చెరిగినదాన్ని తెచ్చే మార్గం లేదు. గుడికీ గుడిదీర్ఘానికీ మధ్య ఉన్నది చిన్న మెలికే. కైఫీయత్తులో అది పోతే ఊరి పేరో చెరువు పేరో మారిపోతుంది. ఖాళీలను ఊహించి నింపే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి గానీ, చారిత్రక పత్రాల దగ్గరికి వాటిని రానివ్వకూడదు. దిద్దిన ప్రతితో పాటు దిద్దని ప్రతినీ దాచాలి.

కుదుపును ముందే ఆపడం ఇంకా మేలు. సూక్ష్మమైన కొలతలకు ప్రయోగశాలల్లో బరువైన గ్రానైట్ పలకలు వాడేది అందుకే, చిన్న కుదుపు వాటిని కదపలేదు. రాయలసీమలో రాయికి కొదవ లేదు. ఊగే చెక్కబల్ల బదులు ఇటుక దిమ్మెల మీద మందపాటి కడప బండో బేతంచెర్ల నాపరాయో పరిచి, పైన రబ్బరు షీటు వేసి స్కానర్ పెట్టవచ్చు. ప్రతి పేజీకీ తెర మీద స్కేలు అంచును పెద్దది చేసి చూడాలి. వంకర కనబడితే పుస్తకం మూయకముందే ఆ పేజీని మళ్ళీ తీయాలి.