బకింగుహాము కాలువ చరిత్ర : ఒక విమర్శ

చెన్నపట్టణమున చిరకాలముగ స్థిరపడిన తెలుగువారు తమ పూర్వవృత్తాంతమును చెప్పుకొనునపుడు బకింగుహాము కాలువ ప్రస్తావన తప్పక వచ్చును. నెల్లూరు, ఒంగోలు సీమల ధాన్యము, తీరపు కొటారుల ఉప్పు, శ్రీహరికోట అడవుల వంటచెరకు పడవలకెక్కి ఆ కాలువమీదుగనే పట్టణము చేరినవి. పిమ్మట రైలు వచ్చినదనియు, లారీ వచ్చినదనియు, తుపానులు గట్లను కోసివేసినవనియు, నేడది మురుగుకాలువయై పోయినదనియు నిట్టూర్చి కథ ముగింతుము.

ఈ కథనము అసత్యము కాదు, అయినను అసమగ్రము. పడవలోని సరకును అది లెక్కించినది. పడవను లాగినవానిని, కాలువ త్రవ్వినవానిని, నేడు దాని గట్టున బ్రదుకుచున్నవానిని, నగరపు మురుగును ఎత్తుచున్నవానిని లెక్కింపలేదు. నీరు, వ్యర్థము, రవాణా అను మూడు సమస్యలు ఒక్కచోట కలిసిన ఈ కాలువను సామాజిక న్యాయదృష్టితో పరిశీలించి, మనము చెప్పుకొను కథలోని లోపములను చూపుట ఈ వ్యాసోద్దేశము.

కాలువ పుట్టుక

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున బాసిల్ కొక్రేను అను వర్తకుడు చెన్నపట్టణమునుండి ఉత్తరముగ ఎన్నూరు వరకు ఒక కాలువను త్రవ్వించెను. 1806 ప్రాంతమున అది పడవలకు పనికివచ్చినది. నేటి బేసిన్ బ్రిడ్జి అను పేరు, పడవలు నిలుచుటకై అచ్చట కట్టిన రేవుమడుగునకు మిగిలిన గుర్తు. 1837లో దొరతనమువారు దానిని స్వాధీనపరచుకొని, ప్రళయకావేరి మీదుగ ఉత్తరమునకు క్రమక్రమముగ పొడిగించిరి. తుదకు పెదగంజాము మొదలు దక్షిణమున మరక్కాణము వరకు సుమారు 420 కిలోమీటర్ల జలమార్గము ఏర్పడెను. అందు 258 కిలోమీటర్లు ఆంధ్రప్రదేశమునను, తక్కినది తమిళనాటను కలదు. పెదగంజామువద్ద కొమ్మమూరు కాలువతో కలియుటచే కృష్ణా గోదావరి డెల్టాల కాలువలతో సంబంధమేర్పడి, కాకినాడ మొదలు పుదుచ్చేరి పరిసరములవరకు పడవ సాగగలిగినది.

నగరము నడుమ కూవము, అడయారు నదులను కలుపు ఎనిమిది కిలోమీటర్ల భాగము మాత్రము 1877–78లో త్రవ్వబడినది. అది తెలుగునాట ధాత కరువని నేటికిని చెప్పుకొను మహాక్షామకాలము. ఆకలిగొన్న జనులకు కూలి కల్పించు నిమిత్తము ఆ పని ఆరంభింపబడెను. అప్పటి గవర్నరు బకింగుహాము ప్రభువు పేరు కాలువ యంతటికిని వచ్చినది. ఆ కరువుపనులలో కొంతకాలము ఎట్టి కూలి యిచ్చిరో గమనింపదగినది: మగవానికి దినమునకు ఒక పౌను తిండిగింజలు, ఒక అణా. సర్ రిచర్డు టెంపుల్ నిర్ణయించిన ఈ కొలత కష్టించు మనుష్యుని ప్రాణము నిలుపజాలదని రాజధాని ఆరోగ్యశాఖాధికారి కార్నిషు వాదించెను. ప్రభువులలోనే ఒకరు ఆక్షేపించిన కూలి అది. మన స్మృతివ్యాసములలో ఈ కాలువ పడవల తెరచాపలతో మొదలగును. న్యాయముగ అది గంజికేంద్రములతో మొదలు కావలసియున్నది.

పడవ నడక విషయమునను ఇట్లే. గాలి అనుకూలింపనపుడు పడవవాండ్రు గట్టుమీద నడచుచు, మోకు భుజమునకు వేసికొని, సరకుతోడి పడవను లాగెడివారు. చౌకయైన రవాణా యని మనము మెచ్చుకొనునది వారి వెన్నెముకమీద నడచినది.

నీరు నిలిచిన కారణము

కాలువ మురికియగుటకు గట్టునగల పేదలే కారణమను మాట నగరమున తరచు వినబడును. కారణములను వరుసగ పరిశీలించినచో ఈ మాట నిలువదు.

బకింగుహాము కాలువ సముద్రమునకు సమాంతరముగ సాగు ఉప్పునీటి కాలువ. దీనికి స్వంతప్రవాహము లేదు. నదీముఖములనుండి వచ్చు ఆటుపోటులే దీనిలోని నీటిని కదల్చును. కావున నదీముఖములు మూసికొన్నచో కాలువ నిలిచిపోవును. పందొమ్మిదవ శతాబ్ది చివర నగరమునకు కట్టుడు రేవు ఏర్పడినపుడు, తీరము వెంబడి దక్షిణమునుండి ఉత్తరమునకు సాగు ఇసుకకు రేవుగోడలు అడ్డుపడినవి. గోడకు దక్షిణమున ఇసుక పేరుకొని మెరీనా యను విశాలసైకతమేర్పడెను. ఉత్తరమున రాయపురము వైపు తీరము కోతకు గురియైనది. ఆ ఇసుకయే కూవము మొగను మూయుచు వచ్చినది. నగరము గర్వించు కడలితీరమును, నగరము ఏవగించుకొను మురుగునీటిని ఒకే నిర్మాణముతో ముడిపెట్టి చూడవలసియున్నది.

1899లో బెజవాడ–చెన్నపట్టణపు రైలుమార్గము పూర్తియైనది. అటుపిమ్మట రాజమార్గము లారీలకు అనువైనది. 1960లనాటి తుపానులు కాలువను దెబ్బతీసిన మాట నిజమే. కాని రైలుకట్ట కొట్టుకొనిపోయినపుడు దానిని మరల కట్టిరి. రోడ్డు తెగినపుడు పూడ్చిరి. కాలువ పూడినపుడు మాత్రము విడిచిపెట్టిరి. ఇది ప్రకృతి చేసిన తీర్పు కాదు, పరిపాలకులు చేసికొన్న యెంపిక. రవాణాకు అక్కరలేదని తలచిన కాలువ, ఖర్చు లేకుండ మురుగును వదలుటకు అనుకూలముగ తోచినది. నీటి సరఫరాకును మురుగు పారుదలకును 1978లో ప్రత్యేక సంస్థ యేర్పడి, కొడుంగైయూరు, కోయంబేడు, నెసపాక్కము, పెరుంగుడిలలో శుద్ధికేంద్రములు నడచుచున్నను, శుద్ధికాని మురుగు కాలువలో కలియుట ఆగలేదు.

ఉత్తరపు కొసన పరిస్థితి మరియు దారుణము. 2023 డిసెంబరున మిచాంగు తుపాను వరదలలో మణలి నూనెశుద్ధి కర్మాగారమునుండి వెలువడిన నూనె ఈ కాలువ మీదుగనే ఎన్నూరు కయ్యకు చేరి, జాలరుల వలలను, పడవలను, చేపలను పాడుచేసెను. ఒకప్పుడు ఉప్పును, ధాన్యమును మోసిన దారి నేడు మోయుచున్న సరకు ఇట్టిది.

ఆక్రమణ యెవరిది?

కాలువగట్టున గుడిసె వేసికొన్నవానిని ప్రభుత్వపత్రములు ఆక్రమణదారుడని పేర్కొనును. 1995లో చేపాకు వరకును, 1997లో మైలాపూరు వరకును, 2007లో వేళచ్చేరి వరకును నడువనారంభించిన స్తంభములమీది నగరరైలు చాలదూరము ఈ కాలువ వెంబడియే పోవుచున్నది. దాని స్తంభములు పలుచోట్ల కాలువగర్భముననే నాటబడినవి. గట్టున నిలిచిన తాటాకుగుడిసె ఆక్రమణ, నడిమి నీటిలో నిలిచిన కాంక్రీటుకంబము అభివృద్ధి! రైలు అక్కరలేదనుట నా అభిప్రాయము కాదు. సామాన్యునికి చౌకప్రయాణము కావలసినదే. కాని ఒకే నేలకు రెండు కొలతలు ఉండరాదు.

అడయారు, కూవము, బకింగుహాము గట్లనుండి తొలగింపబడిన వేలకొలది కుటుంబములు కణ్ణగినగరు, సెమ్మంజేరి, పెరుంబాక్కములందలి కాలనీలకు తరలింపబడినవి. 2015 డిసెంబరు వరదల తరువాత ఈ తరలింపు ముమ్మరమయ్యెను. నగరపు నడిబొడ్డునకు ఇంచుమించు 20 కిలోమీటర్ల దూరమున, పళ్లికరణై చిత్తడినేలకు సమీపమున ఆ కాలనీలు కలవు. వరదభయమునుండి తప్పింతుమని చెప్పి పల్లపునేలకే చేర్చుట మొదటి విపరీతము. ఇక రెండవది రవాణాకు సంబంధించినది. మైలాపూరున నాలుగిండ్లలో పాచిపని చేసికొను స్త్రీకి, రేవున మూటలు మోయు పురుషునికి, పనిచోటు ఇంటి ప్రక్కనుండుటయే ఆస్తి. ఆ ఆస్తికి పరిహారము ఏ లెక్కలోను లేదు. బస్సు ఛార్జి, ప్రయాణపు గంటలు కలిపి చూచినచో కొందరికి పనియే గిట్టుబాటు కాలేదు. నీటిసమస్య తీర్చుటకు జరిగిన పని ఇట్లు రవాణాసమస్యయై పేదలమీద పడినది.

మురుగు నెత్తు చేతులు

ఇక మన సంఘములు ప్రత్యేకముగ సిగ్గుపడవలసిన విషయము కలదు. చెన్నపట్టణపు పారిశుద్ధ్యకార్మికులలో తెలుగు మాటలాడువారు తరతరములుగ పెద్దసంఖ్యలో ఉన్నారు. తమిళనాడు ప్రభుత్వము 2009లో అరుంధతీయులకు షెడ్యూల్డు కులముల కోటాలో 3 శాతము ప్రత్యేకించుచు చేసిన చట్టమున చేర్చిన ఏడు కులముల పట్టికలో ఆది ఆంధ్ర, మాదిగ, తోటి అను పేరులు కనబడును. తమిళదేశపు చట్టములో తెలుగుజాతి పేరు నిలిచిన చోటు అది! 2024లో సర్వోన్నత న్యాయస్థానము ఆ చట్టమును సమర్థించినది. మన సంచికలలోని వంశచరిత్రలయందును, దాతల పట్టికలయందును మాత్రము వీరి పేరు అరుదు.

ఇది ఒక్క చెన్నపట్టణపు మాట కాదు. బెంగుళూరి పౌరకార్మికులలో తెలుగు మాతృభాషగ గలవారు అనేకులు. కోలారు బంగారుగనుల పట్టణమున మలమెత్తు వృత్తిలోనుండిన తెలుగు కుటుంబమున 1966లో జన్మించిన బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారి ఆందోళనను నిర్మించి 2016లో మెగసెసే పురస్కారమును పొందెను. ఒడిస్సా పట్టణములలో పాకీపనికై కొనిపోబడిన రెల్లివారిలో పలువురు మన ఉత్తరాంధ్రమునుండి వెళ్లినవారే. తెలుగువారు వలసపోయిన త్రోవలలో వర్తకుల త్రోవ యొకటి, పండితుల త్రోవ యొకటి, చీపురు పట్టినవారి త్రోవ యొకటి. మొదటి రెండింటికి మనయొద్ద చరిత్రకలదు.

మలమును చేతులతో ఎత్తించుటను 1993 చట్టము నిషేధించెను. 2013 చట్టము మురుగుకాలువలలో, సెప్టిక్ ట్యాంకులలో రక్షణలేక మనుష్యులను దింపుటను గూడ నిషేధించెను. విల్సన్ మొదలగువారి ఉద్యమసంస్థ వేసిన వ్యాజ్యముపై 2014లో సర్వోన్నత న్యాయస్థానము, 1993 మొదలు మురుగుగుంటలలో మరణించినవారి కుటుంబములకు 10 లక్షల రూపాయల పరిహారమీయవలెనని తీర్పుచెప్పెను. 2023లో వేరొక వ్యాజ్యమున అది 30 లక్షలకు పెంపబడెను. అయినను మరణములు ఆగలేదు. అట్టి మరణములు ఎక్కువగ నమోదైన రాష్ట్రములలో తమిళనాడు ఒకటి. 2025 ఆగస్టులో రాయపురము, తిరువికనగరు మండలముల కార్మికులు తమ పనిని ప్రైవేటు గుత్తకిచ్చుటకు వ్యతిరేకముగ నగరపాలకసంస్థవారి రిప్పన్ భవనము ఎదుట పదమూడు దినములు కూర్చుండిరి. తుదకు అర్ధరాత్రివేళ పోలీసులు వారిని తొలగించిరి. ఆ వేదన ఎందరి ఇండ్లలో ఏ భాషలో చెప్పుకొనబడినదో విచారించుట తెలుగు సంఘములకు అనుచితము కాదు.

మంచినీరు, మురుగునీరు

నగరమునకు నీరిచ్చు తెలుగుగంగను కీర్తింపని తెలుగుసభ లేదు. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రములు తమ కృష్ణాజలముల వాటాలనుండి తలకొక 5 టి.ఎం.సి. చొప్పున చెన్నపట్టణమునకు ఇచ్చుటకు 1976లో అంగీకరించినవి. 1983లో ఒప్పందము స్థిరపడి, శ్రీశైలము, సోమశిల, కండలేరుల మీదుగ 1996లో నీరు పూండి జలాశయము చేరెను. ఇది నిశ్చయముగ ఘనకార్యమే. కాని కీర్తి కథ పూండివద్ద ముగియుట తగదు. అచ్చటినుండి ఆ నీరు ఎవరి యింటి కొళాయికి చేరుచున్నది, ఎవరు బిందెతో లారీకొరకు నిలుచుచున్నారు, వాడిన పిమ్మట అదే నీరు ఎవరి గుమ్మము ముందర మురుగై నిలుచుచున్నది అను ప్రశ్నలును ఆ కథలోనివే. నీటిని దానము చేసినవారికి అది పారు దారి తుదిదాక చూచు అధికారమును, బాధ్యతయు కలవు.

కర్తవ్యము

2008లో కేంద్రప్రభుత్వము కాకినాడ–పుదుచ్చేరి కాలువలను కృష్ణా గోదావరీ భాగములతో కలిపి 4వ జాతీయ జలమార్గముగ ప్రకటించెను. పడవలు మరల వచ్చునని తెలుగువారు సంతసించిరి. బకింగుహాము కాలువలో పూర్వపు రాకపోకలు తిరిగి రాలేదు. వచ్చినను, నగరభాగమున అడ్డుగ నిలిచిన స్తంభములకును, నిండిన మురుగునకును సమాధానము చెప్పవలసియుండును. అంతకన్న ముఖ్యమైనది, అది వచ్చుటకై మరల గట్టువారిని ఊడ్చివేయరాదు. 2004 డిసెంబరు సునామీనాడు ఈ కాలువ ఉప్పెననీటిని తనలోనికి తీసికొని తీరగ్రామములకు కొంత రక్షణ యిచ్చినది. పడవలేకున్నను కాలువకు విలువ కలదనుటకు ఇది చాలిన నిదర్శనము.

మన సంఘములు చేయగల పనులు చిన్నవి, కాని స్పష్టమైనవి. ప్రళయకావేరి ప్రజల జీవితమును వారి నుడికారముననే స. వెం. రమేశ్ కథలుగ నిలిపినట్లు, కాలువగట్టు వృద్ధుల మాటలను, పడవవాండ్ర పనిమాటలను సేకరింపవలెను. పారిశుద్ధ్యకార్మికుల వాడలలో తెలుగు చదువు నేర్పుటకు పూనుకొనవలెను. వారి పిల్లలకు మన విద్యార్థివేతనములలో మొదటి వరుస యీయవలెను. మురుగుగుంటలో మరణించిన తెలుగువాని కుటుంబము న్యాయస్థానము నిర్ణయించిన పరిహారమును పొందునట్లు పత్రములు వ్రాసిపెట్టు వకీళ్లు మన సభ్యులలోనే కలరు. తరువాతి సంచికలో తెలుగు ప్రముఖుల పట్టిక ప్రక్కన ఈ కాలువను త్రవ్వినవారి, మోసినవారి, శుభ్రపరచినవారి చరిత్రకు ఒక అధ్యాయము కేటాయింపవలెను. విజ్ఞులైన సభ్యులు ఈ విషయమును రాబోవు కార్యవర్గసభలో చర్చింతురుగాక.